చెవి మేస్త్రీ తలూపాడు

పోయిన వారం మనం ఎక్కడ వదిలిపెట్టామో కారు అక్కడే ఉంది. ముక్కు షెడ్డులో, తోక రోడ్డు మీద. ఎనిమిదేళ్లుగా చెవి మేస్త్రీ పెద్దకూతురి ఇంటిల్లిపాదినీ మోసిన బండి అది. ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా, వెనక సీట్లో ఇద్దరు పిల్లలుండగా, డుగడుగమని కొట్టుకుని ఆగిపోయింది. వెనకొచ్చే లారీవాడు బ్రేకు మీద లేచి నిలబడబట్టి సరిపోయింది. దాన్ని తాడు కట్టి ఈడ్పించుకొచ్చిన పెద్దల్లుడు షెడ్డు వాకిట్లో నిలబడి అన్న మాట కూడా మీకు గుర్తుండే ఉంటుంది.

"మామయ్యా, మోతొస్తోందని తెస్తే మీరు ఇంజిన్ పైనుండే ట్యాపెట్లన్నారు. ట్యాపెట్లు సరిచేసింది మీ చిన్నది. రెండు వారాల్లో నా పిల్లలు చావు తప్పి బయటపడ్డారు. తప్పు దానిదని తేలితే అది ఇక జన్మలో స్పానర్ పట్టకూడదు. పట్టిందా, మీ పెద్దమ్మాయీ పిల్లలూ ఈ గడప తొక్కరు. సరేనా?"

చెవి మేస్త్రీ తలూపాడు.

ఊళ్లో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజిన్ మీద, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఏ బోల్టు వదులైందో చెప్పగల మనిషి. ఆయన చెవి తీర్పు, మిగతావాళ్లవి అప్పీళ్లు. అలాంటి మనిషి కన్నకూతురి చేతిలో పని తీసెయ్యమంటే "ఆగవయ్యా, ముందు చూద్దాం" అనలేదు. తలూపి, వెనక్కి తిరిగి, చేతిగుడ్డ దులుపుకున్నాడు.

ఆ తలూపు చిన్నకూతురికి వారం రోజులు అన్నం సయించనివ్వలేదు. తను లేకుండా ఒక్క బోల్టు కూడా విప్పడానికి వీల్లేదని బావ శాసించాడు కాబట్టి, ఆయన సెలవు రోజైన బుధవారం దాకా బండి జోలికి పోలేదు. రోజూ దాని పక్క నుంచి నడుస్తూ పళ్లు నూరుకుంది. కోపం బావ మీద పావలా వంతు. ముప్పావలా తండ్రి మీద.

బుధవారం తెల్లవారింది.

బావ ఇస్త్రీ చొక్కాతో దిగాడు. ఒకప్పుడు ఈ షెడ్డులోనే ఏడాది పాటు గ్రీజు పూసుకున్నవాడే. ఇప్పుడు పెద్ద కార్ల కంపెనీ సర్వీసు సెంటర్లో, అద్దాల గదిలో కూర్చుని, వచ్చిన బండ్లకి చీటీలు రాస్తాడు. మెడకి టై. ఇంట్లో చాటుగా టై బావ అంటారు. వెంట అక్క వచ్చి, తలుపు పక్కనున్న పాత సీటు మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పరామర్శకి వచ్చినట్టు కూర్చుందే తప్ప పుట్టింటికి వచ్చినట్టు లేదు.

"మూడుంబావుకి పిల్లల్ని ఇక్కడే దింపమని వ్యాను డ్రైవరుకి చెప్పాను. ఆలోగా తేల్చండి" అంది ఎవరి మొహమూ చూడకుండా.

ఆ మాట అంటుండగానే బడి వ్యాను షెడ్డు ముందు నుంచి పోయింది. కిటికీలోంచి అక్క పిల్లలిద్దరూ చేతులూపారు. డ్రైవరు చెవి మేస్త్రీకి దణ్ణం పెట్టాడు. నిన్న చిన్నది సామాన్లకి వెళ్లినప్పుడు మేస్త్రీ చూసి పంపిన బండే అది. వ్యాను మలుపు తిరుగుతుంటే ముందు చక్రం దగ్గర రాయి మీద కత్తి నూరినట్టు సన్నగా ఏదో వినిపించింది. చిన్నది తలెత్తింది.

"అటేం చూస్తావ్, ఇటు చూడు. నీ ఘనకార్యం ఇక్కడుంది" అన్నాడు బావ.

అంతే. కోపం లేచి ఆ చప్పుడు మీద కూర్చుంది.

"రెండు నిమిషాలకి మించి తిప్పను. తిప్పినకొద్దీ అరుగుతుంది" అంటూ ఆమె తాళం తిప్పింది. ఇంజిన్ అందుకుంది. మొదట్లో బాగానే ఉన్నట్టుంది. కాస్త వేడెక్కేసరికి మొదలైంది. డుగ్... డుగ్... డుగ్. తలుపు మీద పిడికిలితో గుద్దుతున్నట్టు. యాక్సిలరేటరు తొక్కితే గుద్దులు కలిసిపోయి డోలు మోతయింది. స్టీరింగు వెనక, నూనె అందట్లేదని చెప్పే ఎర్రదీపం మినుకుమినుకుమంది. ఎదురుగా టైర్ల కొట్టువాడు చేస్తున్న పని ఆపి ఇటు చూశాడు.

"పెట్రోలు కల్తీదైతే?" అన్నాడు బావ, చీటీ రాసే గొంతుతో.

"అప్పుడు ఎత్తులో మాత్రమే గలగలమంటుంది. ఇది నిలబెట్టినా మోగుతోంది. ట్యాపెట్లయితే పైన టిక్కుటిక్కుమంటాయి, కుట్టుమిషన్లాగా. ఇది అడుగు నుంచి వస్తోంది. నాన్నా, నువ్వే చూడు."

చెవి మేస్త్రీ వచ్చాడు. స్క్రూడ్రైవరు కొస ఇంజిన్ పైమూత మీద పెట్టాడు. పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు, అలవాటు కొద్దీ. ఆయన కళ్లు తెరిచాడు.

"ట్యాపెట్లే."

"విన్నావా? నీ ట్యాపెట్లే. మామయ్య నోట రెండోసారి" అన్నాడు బావ.

చిన్నదానికి మొహం మీద కొట్టినట్టయింది. ఈ మోత రోడ్డవతలికి వినిపిస్తోంది. మూడు వారాల కింద, ట్యాపెట్లు చేసిన రోజున కూడా ఆమెకి మోత కిందనే ఉందనిపించింది. తండ్రి చెవి ముందు తన చెవెంత అని నోరు మూసుకుని ట్యాపెట్లు సరిచేసి పంపింది. ఆమె చేసిన తప్పంటూ ఉంటే అదొక్కటే.

"నాన్నా, కింద నుంచి కదా. పైన కాదు, కింద పెట్టి చూడు."

ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. గోడ దగ్గరికి పోయి వరసగా తగిలించిన స్పానర్లలోంచి ఒకటి తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"సరే, నువ్వు చూడకు. నేనే చూస్తాను" అంది ఆమె ఆ వీపుతో.

పొడి గుడ్డ చేతికి చుట్టుకుని, తిరుగుతున్న ఇంజిన్ మీద మొదటి ప్లగ్గు వైరు పీకింది. ఇంజిన్ వణికింది. మోత పోలేదు. పెట్టేసి రెండోది పీకింది. పోలేదు. మూడోది పీకగానే, అరుస్తున్నవాడి నోట్లో గుడ్డ కుక్కినట్టు డుగ్గుడుగ్గు అణిగిపోయింది. పెట్టింది, లేచింది. పీకింది, అణిగింది. తాళం తిప్పి ఆపేసింది.

"మూడో సిలిండరు. నిప్పు అంటుకోకపోతే పిస్టన్ కింది కడ్డీ మీద గుద్దు పడదు, గుద్దు పడకపోతే మోత రాదు. కడ్డీ కింద బేరింగు పోయింది."

"కంప్యూటర్ పెట్టకుండా చెప్పేస్తావా? మా దగ్గర ఇలా చెబితే ఉద్యోగం పీకేస్తారు."

"మోతకి కంప్యూటరెందుకు బావా. చెవులుంటే చాలు."

గోడ దగ్గర వీపు కదల్లేదు.

బండిని ఎత్తాలి. ఇక్కడ ఈ షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి. బండి ఎత్తే సామానుని ప్రపంచమంతా జాకీ అంటుంది. ఇక్కడ మాత్రం గుర్రం అంటారు. "గుర్రం తే", "గుర్రం దించు". చెవి మేస్త్రీ పని నేర్చుకునే రోజుల్లో ఆయన గురువు మీదికి బండి దిగి కాలు పోయింది. "జాకీ జారింది" అని ఎవరో అరిచారట. కానీ రోజంతా వినే మాటే కదా అని గురువు కదల్లేదట. అందుకని ఇక్కడ ఆ మాట ఊరికే వాడకూడదు. అది జారినప్పుడే అనాలి. వినబడితే ముందు దూకాలి, తర్వాత అడగాలి. నవ్వులాటకి అన్నవాడికి ఆ రోజే ఆఖరు. బావకీ తెలుసు. అక్కకి మాటలు రాకముందే తెలుసు.

గుర్రం పెట్టి ఎత్తి, నాలుగు స్టాండ్లు కొట్టి, ఆమె కిందికి దూరింది. నూనె వదిలింది. తొట్టిలో పడ్డ నూనెలో రెండు వేళ్లు ముంచి వెలుతుర్లోకి చాపింది. వేళ్లు మెరిశాయి, ముగ్గులో అభ్రకం కలిపినట్టు.

"అదిగో, నీ బేరింగు. పొడై నూనెలో ఉంది."

భోజనాల వేళ దాటింది. ఎవరూ తినలేదు. అడ్డం వచ్చినవన్నీ విప్పి, ఇంజిన్ అడుగున నూనె నిలవుండే గిన్నె బోల్టులు ఒక్కొక్కటే తీసింది. గిన్నె ఊడలేదు. సుత్తి పిడితో అంచు చుట్టూ తట్టింది. పీచు తెగినట్టు చప్పుడు చేస్తూ ఊడింది. ఊడిన గిన్నెని పడుకునే గుండెల మీద పెట్టుకుని లోపలి అంచు చూసింది. మళ్లీ చూసింది.

అంచు పొడవునా నల్లటి పేస్టు వేలెడు లావున గట్టిపడి ఉంది. పైకి, ఇంజిన్ నూనె పీల్చుకునే జల్లెడ మూతి వైపు చూసింది. జల్లెడ కనబడలేదు. వానపాముల్లాంటి పేస్టు పోగులు దాన్ని మూసేసి ఉన్నాయి. ఒకటి లాగితే జానెడు వచ్చింది.

నూనె కారకుండా అంచుకి పేస్టు పెడతారు. సన్నగా పెడితే అతుకు. లావుగా పెడితే, బిగించినప్పుడు సగం లోపలికి పొంగి, గట్టిపడి, విరిగి నూనెలో పడుతుంది. నూనెతో పాటు జల్లెడకి చేరి దాని గొంతు నులుముతుంది. గిన్నె నిండా నూనె ఉంటుంది, బేరింగుకి చుక్క అందదు. నది పక్కనే దాహంతో చచ్చినట్టు.

ఆమె బయటికి వచ్చి పేస్టు పోగుల్ని బల్ల మీద పరిచింది. బావకి విడమరచి చెప్పక్కర్లేదు. ఏడాది పని నేర్చినవాడు.

"ఇంకేం" అన్నాడు. చల్లగా అన్నాడు. అరిస్తే బాగుండేది. "దొరికింది. స్పానర్ కింద పెట్టు."

"నేను ఈ గిన్నె విప్పలేదు. నూనె మార్చానంతే, అదీ రెండు నెలల కింద. గిన్నె జోలికి పోలేదు."

"దయ్యాలొచ్చి విప్పాయా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పని రాక పేస్టు మీద పెడతావా?"

"కళ్లున్నాయిగా, చూడు. నేను పెడితే చీమలబారంత సన్నగా ఉంటుంది. ఈ షెడ్డులో పదేళ్లుగా నా అతుకు చూస్తున్నావ్. ఇది గోడకి మట్టి మెత్తినట్టుంది."

"మరి మామయ్య పెట్టారంటావా? ఆయన పేస్టు ముట్టడు. అది నాకంటే నీకే బాగా తెలుసు."

నిజమే. చెవి మేస్త్రీ మందపాటి కాగితాన్ని అంచు మీద పరిచి, చిన్న సుత్తితో టకటకలాడిస్తూ కొలతకి కత్తిరించుకునే రకం. పేస్టు పెట్టేవాడు మేస్త్రీ కాదు, పళ్లు తోముకునేవాడు అంటాడు. ఆమె ట్యూబు కొన్న రోజున మూడు రోజులు మాట్లాడలేదు.

"మాట మాటే" అన్నాడు బావ. "మామయ్య అందరి ముందూ తలూపారు. స్పానర్ కింద పెట్టు."

ఆమె చేతిలో స్పానర్ బిగుసుకుంది. దాన్ని పెట్టడమా, విసరడమా అన్నది ఇంకా తేలలేదు.

"నాన్నే చేశాడు."

అక్క మాట అది. సంచీ మీద చేతులు అలాగే ఉన్నాయి.

"నెల కింద ఒక ఆదివారం మీరు డ్యూటీకి పోయారు. ఇది ఏదో పరీక్ష రాయడానికి ఊరెళ్లింది. బండి కింద నూనె చుక్కలు పడుతున్నాయని నేనే తీసుకొచ్చాను. నాన్న ఒక్కడే చేశాడు. కాగితం కొయ్యబోయాడు, చెయ్యి వణికింది. మూడు కాగితాలు చింపాడు. నేను చూడనట్టు అటు తిరిగి నిలబడ్డాను. ఆఖరికి దీని సొరుగులోంచి ట్యూబు తీసి మొత్తం పిండేశాడు. చిన్నదానికి చెప్పకే అన్నాడు."

పనిలో కొమ్ములు తిరిగిన మనిషి ఒక పనిని జీవితమంతా చీదరించుకుంటే, ఆ పని చెయ్యాల్సిన రోజున పసిపిల్లాడి కంటే హీనంగా చేస్తాడు. ఎంత పెట్టాలో ఆయనకెలా తెలుస్తుంది? ఆ ట్యూబు మూత తిప్పడం కూడా అదే మొదటిసారి.

చిన్నది అక్క వైపు తిరిగింది.

"వారం రోజులు. వారం రోజులు ఈయన నన్ను నానా మాటలూ అంటుంటే నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"ఈయన నాన్నని ఎగతాళి చేస్తే చూడలేననిపించింది. నువ్వైతే చిన్నదానివి, దులిపేసుకుంటావనుకున్నా."

"అవునులే. నేను తగరం రేకుని కదా. ఎన్ని సొట్టలైనా పడొచ్చు."

అక్క తల దించుకుంది. బావ అక్క మాటకి ఒక్క క్షణం తడబడి, ఆ తడబాటుకీ కోపం తెచ్చుకుని గోడ వైపు తిరిగాడు.

"మామయ్యా, మీరా చేసింది? చేసి, నా ముందు నిలబడి, ఆ పిల్ల మీదికి తోసేశారా?"

వీపు. స్పానర్ మీద గుడ్డ అటూ ఇటూ.

"మిమ్మల్నే. నా పిల్లలు బండిలో ఉన్నారు. ఒక్క మాట, తప్పయిందయ్యా అనండి, పోతాను."

గుడ్డ అటూ ఇటూ.

"చూశారా ఆ పంతం" అన్నాడు బావ. "గోడకి చెప్పుకున్నా పెళ్లలు రాలతాయి."

చిన్నది రెండడుగులు ముందుకేసింది. తండ్రి మెడ వెనక, చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు కనబడుతున్నాయి. ఈ మనిషి భుజమ్మీద కూర్చుని ఆమె స్పానర్ల నంబర్లు నేర్చుకుంది. ఎంత కోపమొచ్చిందంటే ఆ చేతిలో గుడ్డ లాగేసి మొహం తనవైపు తిప్పుకోవాలనిపించింది. "పలకవేం నాన్నా. కూతురు దోషిలా నిలబడితే నీకు గుచ్చుకోదా" అనబోయింది.

అనలేదు. మరొకటేదో అడ్డం వచ్చింది.

మోత రోడ్డు దాటుతుంటే స్క్రూడ్రైవరు పైమూత మీద పెట్టిన చెయ్యి. ఆరు నెలలుగా ఫోను విసుగంటూ ఆమెకే ఇచ్చేస్తున్న చెయ్యి. అందరూ నోట్లో గొణుగుతారేంట్రా అని కసురుకోవడం. ఎదుటపడి మాట్లాడితే సూటిగా పెదాల వైపే చూసే చూపు. వెనక్కి తిరిగిన ప్రతిసారీ రాని జవాబు.

ఆమె గొంతు పెంచలేదు. ఇంట్లో మంచినీళ్లు అడిగినంత మామూలుగా అంది.

"జాకీ."

బావ ఎగిరి వెనక్కి దూకి బల్లకి మోకాలు కొట్టుకున్నాడు. అక్క సంచీ జారవిడిచి షట్టరుకి అంటుకుపోయింది. బోల్టులు నేలంతా దొర్లాయి. బండి స్టాండ్ల మీద కదలకుండా ఉంది.

చెవి మేస్త్రీ స్పానర్ తుడుస్తూనే ఉన్నాడు. వెలుతురుకి ఎత్తి చూసి, ఇంకో మరక కనబడితే, ఊది, మళ్లీ తుడిచాడు.

దాన్ని మేకుకి తగిలించి, ఇటు తిరిగాడు. ముగ్గురి మొహాలూ చూశాడు. నేల మీది బోల్టులు చూశాడు.

"ఏమైంది?"

ఆయన చూపు అలవాటుగా చిన్నకూతురి పెదాల మీదికి వచ్చింది. ఆమె ఒక్కో అక్షరం వేరు చేసి చెప్పింది.

"జాకీ అన్నాను నాన్నా."

ఆ మొహంలో రంగు దిగిపోవడం ఆమె చూసింది. గెలిచానని అనిపించలేదు. ఎవరిదో తలుపు తన్ని లోపలికి పోతే, లోపల మనిషి బట్టలు మార్చుకుంటున్నట్టనిపించింది. అయినా ఒకటి అడక్కుండా ఉండలేకపోయింది.

"పోయిన బుధవారం బావ ఇక్కడ నిలబడి నిన్నొకటి అడిగాడు. తలూపావు. ఏమడిగాడని ఊపావు?"

ఆయన అల్లుడి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు.

"బండి బాగుచేస్తారు కదా అని అడిగాడనుకున్నా" అన్నాడు. "అతను అటు తిరిగి మాట్లాడాడు."

బావ బల్ల అంచు పట్టుకుని, పక్కనున్న టైరు మీద మెల్లగా కూర్చున్నాడు. టై వదులు చేసుకోబోయి, ఈవేళ కట్టుకోలేదని గుర్తొచ్చి, చెయ్యి దించేశాడు. చిన్నది ఎటూ చూడలేక కారు కిందికి పోయింది. మూడో సిలిండరు కడ్డీ టోపీ విప్పి, ఆ కడ్డీ తిప్పే ఇరుసు, క్రాంకు మీద గోరు పెట్టి అడ్డంగా గీసింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు.

"గీత పడలేదు" అంది కింద నుంచి. ఎవరికి చెబుతోందో ఆమెకే తెలీదు. "బేరింగులు మార్చి, జల్లెడ కడిగితే సరిపోతుంది. బండి బతుకుతుంది."

జవాబుకి బదులు తండ్రి పాదాలు కదలడం కనబడింది. ఆ పాదాలు అక్క దగ్గరికి కాదు, బావ దగ్గరికి కాదు, రోడ్డు వైపు నడిచాయి. గడప దగ్గర ఆగాయి.

"నిన్న ఆ వ్యాను డ్రైవరు ముందు చక్రంలో ఏదో మోతుందన్నాడు." ఆయన గొంతు ఎవరినీ ఉద్దేశించినట్టు లేదు. "చక్రం ఎత్తి తిప్పాను. చెవి పెట్టాను. ఏమీ వినపళ్లేదు."

అక్క మెల్లగా షట్టరు వదిలి ముందుకొచ్చింది.

"ఏం లేదు, ఇంకో నెల తోలుకోమన్నాను."

కారు కింద చిన్నదానికి పొద్దుటి చప్పుడు ఇప్పుడు పూర్తిగా వినిపించింది. రాయి మీద కత్తి. చక్రం బేరింగు అరిగిపోతున్న మోత. కోపం లేచి దాని మీద కూర్చున్న చప్పుడు. ఆమె బయటికి దొర్లి, గోడ మీది గడియారం వైపు చూసింది. అక్క కూడా అటే చూస్తోంది.

మూడుంబావుకి పిల్లల్ని ఇక్కడ దింపాల్సిన వ్యాను ఇంకా రాలేదు. ఇంత రభసలో ఎవరూ గమనించలేదు. గడియారం నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.